రెండో గొంతు

“నోరు బాగా తెరువమ్మా,” అంది రెబెక్కా.

వీరదుర్గ తెరిచింది. రెండో తరగతి పిల్ల. టార్చి వెలుగులో అంగిలి చక్కగా ఉంది. కొండనాలుకలో లోపం లేదు. చెవుల పరీక్ష భీమవరంలో ముందే చేయించారు, అందులోనూ ఏమీ తేలలేదు. మరి ఈ పిల్ల మాట ఎందుకలా ఉంటోందో రెబెక్కాకి అంతుపట్టలేదు.

పాలకొల్లు చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు వారం వారం తిరిగి, మాట సరిగా రాని పిల్లలకు నేర్పే స్పీచ్ థెరపిస్ట్ ఆమె. నత్తి, తొర్రిపలుకు, ముద్దమాట ఎన్నో విన్న చెవులు. ఇది వాటిలో ఏదీ కాదు. పదం సాగుతుంది, సగంలో గొంతులోనే ఆగిపోతుంది, గాలంతా ముక్కులోంచి పోతుంది. నోరు ఎలా వాడాలో తెలియని మనిషెవరో తడుముకుంటున్నట్టు ఉంటుంది. క్లాసులో పిల్లలు వెక్కిరిస్తున్నారనీ, ఇలాగైతే ఆ పిల్ల బడి మానేస్తుందనీ హెడ్మాస్టరు గారు దిగులు పడ్డారు.

చిన్న అద్దం తీసి ముక్కు కింద పెట్టి, “పలక” అనమంది రెబెక్కా. పిల్ల అంది. అద్దం ఆవిరితో మసకబారింది. ముక్కులోంచి గాలి పోతోందని అదే గుర్తు.

అద్దం తుడుస్తుండగా వీరదుర్గ కింద చూసి, “మేడం, మీ చెప్పు పక్కన జెర్రండి,” అంది.

ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. రెబెక్కా జెర్రిని చీపురుతో బయటికి తోసేసి వచ్చి, నెమ్మదిగా కూర్చుంది.

“ఇంత బాగా వచ్చు కదా నీకు. ఇందాకటి మాట ఏంటి మరి?”

పిల్ల వరండా వైపు చూసింది. అక్కడ నాయనమ్మ నూకరత్నం స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. తల్లీ తండ్రీ రొయ్యల షెడ్డుకి పనికి పోతారు కాబట్టి పిల్లని తీసుకొచ్చేదీ, తీసుకెళ్ళేదీ ఆవిడే.

“మామ్మ అడుగుద్దండి. ఇంకొక్క మాట అనవే అని.”

“అందుకని అలా మాట్లాడతావా?”

“ముందు ఇంటికాడే వచ్చేదండి. ఇప్పుడు ఎక్కడబడితే అక్కడ వచ్చేస్తంది.” పిల్ల కళ్ళు నిండాయి. “నేను ఆపలేకపోతన్నానండి.”

రెబెక్కా వరండాలోకి వెళ్ళి అడిగింది. నూకరత్నం ఏమీ దాచలేదు. అది తన కూతురు పావని అంది. వీరదుర్గ పుట్టకముందే కాలువ రేవులో జారిపడి చనిపోయిన పిల్ల. ఇన్నాళ్ళకి తల్లిని వెతుక్కుంటూ వచ్చిందట.

“మొదట్లో అమ్మా అన్న ఒక్క మాటేనమ్మా. ఇప్పుడు చూడండి, ఎన్ని మాటలొచ్చేశాయో.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం పసిబిడ్డ తల్లి ముఖంలా వెలిగింది. లెక్క తేలింది అనుకుంది రెబెక్కా. ముసలావిడ చనిపోయిన కూతురి మాటతీరు ఈ పిల్లకి అనుకరించి చూపిస్తోంది. పిల్ల పట్టేసుకుంది.

“మీరు నేర్పడం మానేయాలి మామ్మగారూ.”

“నేను నేర్పడమేంటమ్మా? వింటన్నాను, అంతే.” ఆవిడ రెబెక్కా చెయ్యి పట్టుకుంది. “కావాలంటే బడి మాన్పించేస్తాను. ఆ మాట మాత్రం మాన్పించకండి.”

రెబెక్కా పిల్ల తల్లికి ఫోన్ చేసింది. ఆ తల్లి చాలాసేపు ఏడ్చి, రాత్రిళ్ళు పక్కలో ఎవరిని పడుకోబెట్టుకుంటున్నానో తెలియట్లేదనీ, తన కూతుర్ని తనకి ఇప్పించమనీ వేడుకుంది. రెబెక్కాకి ఇంకేం వినక్కర్లేదనిపించింది.

ఆ వర్షాకాలమంతా పని చేసింది. స్ట్రాతో నీళ్ళలో బుడగలు ఊదించింది. దూదిపింజ ఎగరేయించింది. ఆ రెండో గొంతు వస్తున్నట్టు అనిపిస్తే నోరు మూసి, ఊపిరి పీల్చి, మళ్ళీ తన గొంతుతోనే మొదలుపెట్టమంది. వారాలు గడిచేకొద్దీ ఆ గొంతు తగ్గుతూ వచ్చింది. వరండాలో నూకరత్నం కూడా చిక్కిపోతూ వచ్చింది.

చివరి రోజు మళ్ళీ అద్దం పెట్టింది. “పలక,” అంది వీరదుర్గ. అద్దం పొడిగా ఉంది. రెబెక్కా నవ్వి వీపు తట్టబోతుంటే పిల్ల తల కదపకుండా వరండా వైపు చూపు తిప్పింది.

“అమ్మా... ఎల్లొస్తానే.”

మాట ముక్కులోంచే వచ్చింది, సాగి, తడుముకుంటూ. అద్దం ఇంకా రెబెక్కా చేతిలో, పిల్ల ముక్కు కిందే ఉంది. దాని మీద ఆవిరి పడలేదు.

బయట నూకరత్నం ఒక్కసారి లేచి నిలబడి, మళ్ళీ కూలబడిపోయింది.

ఆ తర్వాత వీరదుర్గ క్లాసులో పద్యాలు గడగడా చదివింది. హెడ్మాస్టరు గారు సంతోషించారు.

కొన్నాళ్ళకి రెబెక్కా బడి గేటు దాటుతుంటే, నూకరత్నం భర్త సత్తిరాజు సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. ఇంటిది అన్నం ముట్టడం లేదనీ, పొద్దస్తమానం మనవరాలి నోటివంకే చూస్తోందనీ, పిల్ల మామ్మా అంటే మొహం తిప్పేసుకుంటోందనీ చెప్పాడు.

“మళ్ళీ రప్పించడం అవుద్దాండి?” అని అడిగాడు.

“తప్పు తాతగారూ, ఆ పిల్ల బతుకు ఆ పిల్లది,” అంది రెబెక్కా. ఆయన్ని చూస్తే జాలేసి, గొంతు తగ్గించింది. “అయినా మామ్మగారికి పోయిందేముంది? అన్నేళ్ళు విన్న కూతురి గొంతు ఏ తల్లి మర్చిపోతుంది? కళ్ళు మూసుకుంటే వినిపిస్తుంది.”

సత్తిరాజు ఆమె వైపు అర్థం కానట్టు చూశాడు.

“మా పావని పుట్టుమూగండి.”