తాళం వేసిన పెరడు

"సార్, గేటు తియ్యుండ్రి!"

మధులిక ఇనుప గేటును రెండు చేతులా గుంజింది. బయట వేసిన తాళం కదల్లేదు.

కరీంనగర్ శివారులోని ఆ మానసిక చికిత్సాలయంలో మొక్కలతో చికిత్స చేసేవాళ్లకూ, ఆటలతో చికిత్స చేసేవాళ్లకూ కలిపి శిక్షణ ఇస్తున్నారు. ఇవాళ్టి పాఠం మరీ విడ్డూరం. ఒక్కో బృందం నుంచి ఒకరు జోడీ కట్టి, ఈ పెరట్లో పేషెంట్లలా నటించాలట. సాయంత్రం దాకా తాళం తీయరట.

ఆటల మనిషి మధులికకు అప్పుడే ఊపిరాడటం లేదు. పెరటి గోడలు మీదికొస్తున్నట్టుంది.

"గట్ల గుంజితె చేతులే నొస్తయి బిడ్డా. ఇటు రా."

మెంతికూర మడి దగ్గర ఓ పెద్దామె కూర్చుని ఉంది. మొక్కల వాళ్ల తరఫున తనకు జోడీ ఈమేనన్నమాట, అనుకుంది మధులిక.

"నీ పేరేందక్కా?"

"గంగుబాయి."

ఆమె ఓ మట్టిగడ్డ మధులిక చేతిలో పెట్టింది.

"చిదుపు. మెల్లగ."

మధులిక చిదిపింది. ఇంకోటి అందుకుంది. కాసేపటికి ఊపిరి తేలికైంది.

ఎండ వాలాక గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకు ఎప్పుడో నయమైంది బిడ్డా. ఇంటికి పంపుమని జర చెప్పవా? నువ్వు చెప్తె ఇంటరు."

మధులిక పకపకా నవ్వి చప్పట్లు కొట్టింది.

"ఏం యాక్టింగ్ అక్కా! నేను నిజమే అనుకున్న!"

గంగుబాయి ఆమె చెయ్యి వదిలి, మడి వైపు తిరిగి కూర్చుంది.

తాళం తీయగానే మధులిక బతుకు జీవుడా అని బయటికి ఉరికింది. రోడ్డు మీద ఒకాయన, ఆమె మెడలోని ఆస్పత్రి కార్డు చూసి దండం పెట్టాడు.

"మేడం, లోపట గంగుబాయి ఉన్నది గద. గిప్పుడెట్లున్నది?"

భార్య కోసం వచ్చినట్టున్నాడు, పాపం. జోడీని నాలుగు మాటలు పొగడాలనిపించింది మధులికకు. పొగడ్తకు కొలతలేముంటాయి!

"అబ్బో, పొద్దంత నాతోనే ఉన్నది. ఒక్క నిమిషం గూడ మామూలు మనిషి లెక్క అనిపియ్యలే!"

ఆయన మొహం మాడిపోయింది. దిగిన ఆటోలోనే ఎక్కి వెళ్లిపోయాడు.

మధులికకు ఏమీ అర్థం కాలేదు. వెనకే వచ్చిన మొక్కల బృందం నవనీతను అడిగింది.

"మీ గంగుబాయి కోసం వచ్చినాయన ఆమెను ఇడిశిపెట్టి పోయిండేంది?"

"మా బృందంల గంగుబాయి ఎవ్వలు లేరు. నీ జోడీ రమ ఇయ్యాల రానే రాలే."

అంతలో వార్డు నర్సు లక్ష్మీరాజం, ఓ బట్టల మూటతో పరుగున వచ్చాడు.

"గంగుబాయి తమ్ముడు ఎటువాయె మేడం? ఆమెకు నయమై ఏండ్లాయె, మేం ఎంత బతిలాడితెనో ఇయ్యాల అక్కను తోల్కపోదమని శ్రీరాంపూర్ నుంచి వచ్చిండు!"