సున్నపు నీళ్లు

గ్యాస్ కట్టేశానో లేదో అన్న అనుమానం రావడమే తరువాయి, దోన్యా ఒతీలియా పిండి ముద్దను అక్కడే వదిలేసి రొట్టెల దుకాణంలోంచి ఇంటికి పరుగెత్తింది.

దారి పొడవునా ఆమె కళ్లకు ఇల్లు కాలిపోతూనే ఉంది.

ఇల్లు కాలలేదు. పెరట్లోంచి మగగొంతు వినబడింది. ఇంగ్లీషులో అరుపులు.

ఒతీలియాకు ఇంగ్లీషు ముక్క రాదు. తిడుతున్నారని తెలియడానికి భాష రావాలా?

తొంగి చూసింది. కూతురు నోయెమి పీట మీద కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, సన్నగా ఏదో గొణుగుతోంది. ఎదురుగా ఎవెలియో. పసివాడప్పుడే అమెరికా వెళ్లి, అక్కడే పెరిగి, వాళ్లు గెంటేస్తే మొన్నీమధ్య గ్వాటెమాలాకు తిరిగొచ్చినవాడు. గుండు. మెడ మీద ముఠావాళ్లలా పచ్చబొట్టు. "వాడి నీడ కూడా తొక్కకే" అని కూతురికి వందసార్లు చెప్పింది.

పక్కనే రొట్టెల కోసం మొక్కజొన్న ఉడికించి వార్చిన సున్నపు నీళ్ల కుండ. ఎత్తి, నీళ్లన్నీ వాడి మొహాన కొట్టింది.

"అమ్మా, ఆగు! పాఠమమ్మా! నేనే..."

"నోర్ముయ్! తిట్లా పాఠం? నేను చేతులు కాల్చుకుని నిన్ను ఇంగ్లీషు క్లాసులకు పంపుతున్నది చాల్లేదూ?"

ఎవెలియో కళ్లు నులుముకున్నాడు.

"తప్పయిందమ్మా" అన్నాడు, వచ్చీరాని స్పానిష్‌లో. వెళ్లిపోయాడు.

ఆ మాటకు ఆమెకు ఇంకా మండింది. తప్పు చేయనివాడు తప్పయిందని ఎందుకంటాడు?

ఇంటి నిండా చీటీలే. కాల్ సెంటర్ ఉద్యోగం కోసం నోయెమి ఉప్పు డబ్బాకు, తలుపుకు, ఆఖరికి తల్లి ఏప్రన్‌కు కూడా ఇంగ్లీషు పేర్లు అంటించింది. అన్నీ కంఠతా వచ్చు. కానీ మొదటిసారి పరీక్షకు వెళ్తే, ఫోన్లో ఎవడో కసిరేసరికి ఒక్క మాటా నోటికి రాలేదు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే తల్లి పక్కన నిలబడి జీవితాంతం రొట్టెలు కొట్టడమే.

ఒతీలియా ఆ కోపంలో చీటీలన్నీ పీకి పారేసింది. అక్కడితో ఆగలేదు. ఎవెలియోకు గది అద్దెకిచ్చిన దోన్యా తెరే గుమ్మం ముందుకెళ్లి నిలబడింది.

"వాణ్ణి ఉంచుకో తెరే, ఉంచుకో! రేపు ఈ పేటలో ఏ ఆడపిల్లకు ఏమైనా ఆ పాపం నీదే!"

"మంచివాడేనే అతను..."

"పచ్చబొట్టువాడు మంచివాడా?"

పేటంతా చూస్తోంది. దోన్యా తెరే తలుపేసుకుంది. సాయంత్రానికల్లా గది ఖాళీ అయింది.

వారం తిరక్కుండానే కాల్ సెంటర్ నుంచి పిలుపొచ్చింది. ఒతీలియా గేటు బయట, పిల్ల లోపల కళ్లు తిరిగి పడిపోయి ఉంటుందని ఏడుస్తూ కూర్చుంది.

నోయెమి బయటికొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"పోయిందా తల్లీ?"

"వచ్చింది."

"ఏమొచ్చింది?"

"ఉద్యోగం. ఫోన్లో ఒకడు అరిచాడు. పక్క పిల్ల ఏడ్చేసింది. నేను మాత్రం అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాను. ఎవెలియో గారి అరుపుల ముందు అవో అరుపులా?"

"వాడి అరుపులా?" అంది ఒతీలియా.

"తిట్టండి, ఫోన్లో కోపంగా ఉన్నవాళ్లలా తిట్టండి అని నేనే బతిమాలుకున్నానమ్మా. వద్దు వద్దన్నారు. తిట్టిన ప్రతిసారీ మొహం అటు తిప్పుకునేవారు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే!"

"చెప్పాను. నువ్విన్నావా?" అరిచింది నోయెమి. బుద్ధెరిగాక తల్లి మీద గొంతెత్తడం అదే మొదలు.

శనివారం ఒతీలియా అరిటాకుల్లో చుట్టిన వేడి తమాలెస్ కుడుములు పట్టుకుని దోన్యా తెరే ఇంటికెళ్లింది.

"ఇప్పుడొచ్చావా?" అంది తెరే, లోపలికి రమ్మనకుండానే. "అతను మళ్లీ దొంగదారిన అమెరికా వెళ్తానని సరిహద్దు బస్సెక్కాడు. ఉన్నాడో, దారిలో పోయాడో."

ఎడారి, రైళ్లు, తుపాకులు... చెడంతా ఒతీలియా కళ్లముందు తిరిగింది. తన మీద తనకే పట్టరాని కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మొహాన కొట్టాలో తెలియలేదు.

"నన్ను బాగా తిట్టుకున్నాడా తెరే?"

"తిట్టుకుంటే బాగుండును. కళ్లు ఎర్రగా వాచిపోయినా నవ్వాడు. అక్కడ మీ నోయెమి ఈడు కూతురుందట. దాన్ని వదిలేసి రావాల్సొచ్చిందట. నీతో ఒక మాట చెప్పమన్నాడు."

"ఏమని?"

"'నా కూతురి మీద ఎవడైనా అలా అరిస్తే నేను నీళ్లతో ఆగేవాణ్ణి కాదు, కుండ కూడా విసిరేవాణ్ణి' అని."