చల్లటి గది

"మందు కొట్టడం ఇది మూడోసారమ్మా. తేళ్లు మీ గదిలోకే ఎందుకొస్తున్నాయో అర్థం కావట్లేదు," అన్నాడు పురుగుల మందు కొట్టే అతను, మంచం కింద నుంచి లేస్తూ.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కోడలు తలుపుకి ఆనుకుని నిలబడింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"మా అత్తయ్యనే అడగండి. పగలంతా ఇల్లు చూసుకునేది ఆవిడే. తలుపు సందులో గుడ్డ పెట్టమని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది."

వెనకే నిలబడ్డ అత్తగారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఈ ఎడారిలో తేళ్లు తడి వెతుక్కుంటూ వస్తాయి," అంటూ అతను కిటికీ కింద గోడ తడిమి చూశాడు. "ఇక్కడ చెమ్మగా ఉంది. లోపల పైపేమైనా పోతోందా?"

"లేదు. ఇల్లంతా కుంపటి, ఈ గదొక్కటే చల్లన. అందుకే ఏరికోరి తీసుకున్నాను," అంది కోడలు.

వెలుతురు పడితే నిద్ర రాదని ఆమె ఎప్పుడూ తీయని పరదాని అతను పక్కకి లాగాడు. తెరిచిన కిటికీకి బయటి నుంచి గోనెపట్టా వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నువ్వొచ్చే వేళకి తడిపి కడతాను," అంది అత్తగారు మెల్లగా. "పడుకున్నాక గంటకోసారి నీళ్లు చల్లుతాను. తేళ్లు దీనికోసం వస్తాయని తెలీదమ్మా. ఇక కట్టనులే."

కోడలు వెళ్లి ఆ తడి పట్టాని తాకి చూసింది.

"మరి మీ గదికి?"

"ఒకటే పట్టా ఉంది."

కోడలు అతని వైపు తిరిగింది.

"రెండు గదుల కిటికీలకీ తేళ్లు దూరకుండా సన్న జాలీ కొట్టండి అన్నా. ఇంకో పట్టా నేను తెస్తాను."