గోరింక లేని వాగు

వాగుకు అవతల తోడేళ్ళు, ఇవతల కుందేళ్ళు ఉండేవి. కుందేళ్ళ గోరింక రోజూ నాలుగు రేగుపళ్ళు మోసుకెళ్ళి తోడేలు పిల్లలకు పెట్టేది. వాటి భాషలోనే కబుర్లాడి, అలకలుంటే తీర్చి వచ్చేది.

“కబుర్లకు పళ్ళు దండగ!” అని కుందేలు తాత గోరింకను పంపేశాడు. ఆ పళ్ళు తనకొస్తాయని తెల్లచెవి అనే కుందేలు గట్టిగా తలూపింది.

నెల తిరక్కుండా వాగు ఎండింది. తోడేళ్ళు ఇసుకలోకి దిగాయి. ముందున్నది ఏదో అంది. ఆగి, మళ్ళీ అదే అంది. అడుగుతోందో, బెదిరిస్తోందో! తెల్లచెవి తాత వెనక్కి జరిగింది.

“ఏమంటోందే?” అన్నాడు తాత.

“గోరింకకే తెలుసు, తాతా.”

తెల్లచెవి నోట్లో రేగుపండు అలాగే ఉండిపోయింది. తోడేలు మూడోసారి నోరు తెరిచింది. ఈసారి మాట్లాడటానికి కాదు.