గట్టి మాత్ర

"ట్రమడాల్ ఒక పట్టీ ఇయ్యన్నా, జల్దీ!"

ఆదోని మెడికల్ షాపు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, సగానికి వంగిపోయి అడిగాడు లక్ష్మన్న. కౌంటరు పక్కన కుర్చీలో ఉన్న యేసేపు కళ్లద్దాల మీదుగా చూశాడు.

"డాక్టరు చీటీ యాడ?"

"చీటీ లేదు. నొప్పి ఉండాది."

"నొప్పి ఊర్లో అందరికీ ఉంటాది. చీటీ లేకుంటే ఇయ్యరు."

యాభై దాటిన లక్ష్మన్న పొద్దున కుర్రాళ్లతో పందెం కట్టి గుండురాయి ఎత్తబోయాడు. రాయి లేవలేదు. వంగినవాడూ లేవలేదు. పుట్టింటికి పోయిన భార్య ఈరమ్మ సాయంత్రం ఎమ్మిగనూరు బస్సు దిగుతుంది. "నేను లేనప్పుడు ఆ రాయి ముట్టుకున్నావో, సూడు!" అని మరీ చెప్పి పోయింది. ఆమె దిగే వేళకు నిటారుగా నిలబడకపోతే అతని పని అయిపోయినట్టే. డాక్టరు దగ్గరికి పోదామంటే అక్కడ నర్సు ఈరమ్మ చెల్లెలాయె.

"జ్వరం బిళ్ల ఆరొందల యాభై ఎంజీది అడగంగానే ఇస్తారు. ఇది ఉత్త యాభయ్యే గదన్నా! ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?"

"నంబరు సూసి బలం కడతావా? గుమ్మడికాయ పెద్దదని మిరపకాయంత కారముంటాదా? జ్వరం బిళ్ల జాతే వేరు. ఇది మార్ఫిన్ జాతి. దాంట్లో పదో వంతు బలం."

"పదో వంతేనా! అయితే పిల్లే గదా, ఇయ్యి."

"పులి పిల్లప్పా! డబ్బా మీద ఎర్ర గీతలుంటాయి. హెచ్ వన్ మందుల జాబితా అంటారు. చీటీ సూడాల, నీ పేరూ డాక్టరు పేరూ రాయాల. పైగా రెండువేల పద్దెనిమిదిలో మత్తుమందుల చట్టంలోకి ఎక్కించినారు."

"గంజాయి ఉండే చట్టమా?"

"ఆ, అదే."

లక్ష్మన్న ఒకసారి వీధిలోకి తొంగిచూశాడు. పోలీసులెవరూ లేరు.

"పోనీ, ఆ మార్ఫినే ఇయ్యి. పదో వంతు కొరుక్కుంటా."

"అది క్యాన్సరోళ్లకు, అనుమతి ఉండే ఆస్పత్రుల్లో ఇస్తారు. నీ గుండురాయికి కాదు."

లేదని చెప్పేకొద్దీ యేసేపు ముఖం వెలిగిపోతోంది. ఇలాంటి మనుషులను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

"నీ కాళ్లు మొక్కుతానన్నా. ఎట్లాగూ వంగే ఉండాను."

"కలెక్టరు వచ్చి మొక్కినా చీటీ కావాల్సిందే."

లక్ష్మన్నకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక మరదలి చేత తిట్లు తిని, డాక్టరుకు నడుం చూపించక తప్పదు.

"సరే, డాక్టరు దగ్గరికే పోతా. ఆడిదాకా నడవనీకి జ్వరం బిళ్లన్నా ఇయ్యన్నా. దానికి చీటీ వద్దు గదా?"

యేసేపు నడుం పట్టుకుని కుర్చీలో మెల్లగా ఇటు నుంచి అటు ఒరిగాడు.

"షాపామె అన్నం తిని రానీ అడుగుదాం, నేనూ ఆ బిళ్లకే వచ్చినా."