మోచేతి అతుకు

“ముందు ఆ చొక్కా వదలండి, చిరిగిపోతుంది!” అంటూ కొట్లో అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

వెల్డర్ భార్య వదల్లేదు. బొమ్మ ఒంటిమీది ముదురునీలం చొక్కాను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“ఇది మా ఆయనది తల్లీ. ఆయన పోయిన వారానికే మా మరిది బట్టలన్నీ మూటగట్టి పాతబట్టలవాడికి ఇచ్చేశాడు. కళ్లెదుట ఉంటే నాకు బెంగ పెరుగుతుందట. నేను లేచి వచ్చేసరికే బండి సందు దాటిపోయింది.”

“అయ్యో, ఇది కొత్త చొక్కా ఆంటీ. ఇప్పుడిదే ఫ్యాషన్. కాలేజీ పిల్లలు ఎగబడి కొంటున్నారు.”

“చిల్లుల చొక్కానా?”

“చిల్లులకే గిరాకీ.”

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఇదే చొక్కాతో ఆయన బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయిపోయేది.

“ఇటు చూడు. ఎదమీద ఈ ఏడు చిల్లులూ వెల్డింగ్ రవ్వలు పడి కాలినవే. ఈ మోచేతి అతుకు నేను వేసిందే. నీలం దారం అయిపోతే ఎర్రదారంతో కుట్టాను. ‘ఇక నేను తప్పిపోయినా దొరుకుతానులే’ అని ఎంత నవ్వారో!”

అమ్మాయి అతుకు వంక చూసింది. ఆమె ముఖం వంక చూసింది. గుండీలు విప్పి, బొమ్మ మీంచి చొక్కా తీసి ఆమె చేతుల్లో పెట్టింది.

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి దాన్ని ఒళ్లో పరుచుకుంది. తడిమింది. ఆయన చొక్కా భుజాల దగ్గర పాత దుప్పటిలా మెత్తబడి ఉండేది. ఇది అట్టలా బిరుసుగా ఉంది. కాలర్ తిప్పి చూసింది. మెడ దగ్గర అరిగిన గుర్తే లేదు.

“ఇది కాదు,” అంది. “చిల్లులు అవే. కుట్టూ నాదే. చొక్కా మాత్రం ఇది కాదు.”

అమ్మాయి తల దించుకుంది. “ఇలాంటివి లోపల ఇంకా నలభై ఉన్నాయి ఆంటీ. మా డిజైనర్‌గారికి పాతబట్టల్లో ఒక చొక్కా దొరికిందట. దాన్ని చూసి చిల్లుకు చిల్లు, కుట్టుకు కుట్టు అచ్చం దింపించారు.”

వెల్డర్ భార్య గబుక్కున లేచింది. ఆ ముఖంలోకి ఎన్నాళ్లకో కాస్త వెలుగొచ్చింది.

“అయితే అసలుది మీవాళ్ల దగ్గరే ఉందన్నమాట! అది ఇప్పించు తల్లీ, నీకు పుణ్యముంటుంది. పీలికలైపోయినా సరే.”

అమ్మాయి డిజైనర్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అవతలి మాటలు వింటూ రెండుసార్లు ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేసి, ఆమె ఒళ్లోంచి జారిపడిన చొక్కాను తీసుకుని, ఇటు తిరక్కుండా మళ్లీ బొమ్మకు తొడగసాగింది.

“ఏమన్నారమ్మా? ఎప్పుడు రమ్మన్నారు?”

“మూడుసార్లు ఉతికించినా ఆయన చెమట వాసన పోలేదట ఆంటీ... అందుకని పారేశారట.”