గరిటె తాళం

పిడుగు బ్యాండు పాట ఎత్తుకుంటే మూడు ఊళ్ల అవతల పాలు విరిగిపోయేవి.

గొప్పకు చెప్పడం కాదు, విరిగిన పాలు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

అంత ప్రతాపం ఉన్న హార్డ్ రాక్ బ్యాండుకు గుర్తు ఏమిటంటే, గరిటె. వాళ్ల చొక్కాల మీదా పోస్టర్ల మీదా అదే బొమ్మ. కొత్త అభిమానులు దాన్ని చూసి ఏదో కొత్తరకం గిటారు అనుకుంటారు.

ఆ గరిటె కథ డ్రమ్ములు వాయించే తొందరోడి కథే.

వాడు పగలంతా పార్సిళ్లు పంచేవాడు. ఆ హడావిడి డ్రమ్ముల్లోకీ పాకింది. పాట సగంలో ఉండగానే తాను చివరికి చేరుకుని మిగతావాళ్ల కోసం ఎదురుచూసే రకం. ఆ పేరు పెట్టింది వాడి బావ. పాడేది ఆయనే. సాధన జరిగే వెల్డింగ్ షెడ్డూ ఆయనదే.

షెడ్డుకూ పక్కింటికీ ఒకటే గోడ, ఆ గోడలో ఒక కిటికీ.

ఒక సాయంత్రం పాట మొదలైందో లేదో, కిటికీ ఊచల మీద టంగ్, టంగ్ అని మోత.

చూస్తే, పక్కింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన పెద్దావిడ. కుడిచేతిలో ఇనప గరిటె. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఉంది, గోడ పడిపోకుండా పట్టుకున్నట్టు.

"గోల ఆపమంటోంది," అన్నాడు గిటారు వాయించే దర్జీ.

"మనమేమన్నా జోలపాట పాడుతున్నామా ఆపడానికి? పెంచు," అన్నాడు బావ.

పెంచారు. ఆవిడా గరిటె జోరు పెంచింది. పళ్లన్నీ బయటపెట్టింది. కోపంతో పళ్లు నూరుతోందని వీళ్లు మురిసిపోయారు. హార్డ్ రాక్ వాయించేవాళ్లకు ఇరుగుపొరుగు తిట్లే దీవెనలు మరి.

తొందరోడికి మాత్రం మనసొప్పలేదు. పాటకూ పాటకూ మధ్య కిటికీ దగ్గరికి వెళ్లి, తలనొప్పిగా ఉందా పిన్నిగారూ అని అడిగాడు. ఆవిడ పలకలేదు. గరిటెతో డ్రమ్ముల వైపు చూపించింది, పోయి నీ పని చూసుకో అన్నట్టు. ఎంత పొగరో అనుకున్నారు అందరూ.

రోజూ అదే తంతు. ఇంతలో పెద్ద హాల్లో బ్యాండుల పోటీ దగ్గరపడింది. ఈ మోతతో వేగలేమని, సాధనను బేస్ గిటారు వాయించే బండన్న గోదాముకు మార్చారు. ఆయనది పరుపుల వ్యాపారం. గోడల పొడుగునా పరుపులు నిలబెట్టారు. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు.

అక్కడ తొందరోడు పగ్గాలు తెంచుకున్నాడు. షెడ్డులో ఈమధ్య అంత కుదురుగా వాయించినవాడికి మళ్లీ ఏ దయ్యం పట్టిందో ఎవరికీ అంతుచిక్కలేదు.

బావ స్టూలు పక్కకు వచ్చి, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇంట్లోనే నువ్వు నాకు బావమరిదివి. పోటీలో మళ్లీ పరిగెత్తావంటే, ఈ స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటాడు."

ఆ స్టూలు తప్ప లోకంలో ఇంకెక్కడా కూర్చోబుద్ధి కానివాడు తొందరోడు. ఆ పూట అన్నం సయించలేదు. షెడ్డులో ఉన్నప్పుడు రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టుకుని దిగులుగా వింటున్నాడు.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు విని, "నీ దెబ్బల మధ్య ఆ టంగ్ టంగ్ ఏమిట్రా? నువ్వు ఉరికినప్పుడల్లా అదే నిన్ను రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొస్తోంది," అంది.

మళ్లీ విన్నాడు. నిజమే. గరిటె బండన్న బేస్‌తో అడుగులో అడుగు వేస్తోంది. బ్యాండులో బేస్ గిటారును పట్టించుకునేదెవరు? బండన్న భార్యే పట్టించుకోదు. అలాంటిది పక్కింటావిడ పట్టుకుంది.

తెల్లవారగానే నలుగురూ ఆ ఇంటికి పరుగెత్తారు. గదులు ఖాళీ. ఆవిడ కొడుకు తలుపుకు తాళం వేస్తున్నాడు. అమ్మ నిన్ననే కొత్త ఇంటికి వెళ్లిపోయిందన్నాడు. మీరు ఇక్కడ మానేసినప్పట్నుంచి రోజూ సాయంత్రం గరిటె పట్టుకుని ఆ గోడ దగ్గరే నిలబడేదనీ చెప్పాడు.

బావ ముందుకొచ్చి అడిగాడు.

"అమ్మగారు సంగీతం ఎక్కడ నేర్చుకున్నారండీ?"

కొడుకు పకపకా నవ్వి, ఒక్క ముక్క చెప్పాడు. ఆ ముక్క ఆఖర్న చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే మీరు లేచి వెళ్లిపోతారు.

పోటీనాడు తొందరోడు చెప్పులు విప్పాడు. స్టూలు జరిపి, బండన్న స్పీకరు పెట్టెకు వీపు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

పాట మొదట్లో మొదలై చివర్న అయిపోయింది. మధ్యలో ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ స్టూలు బావమరిదికి రాసిచ్చేశానని బావ మైకులోనే చాటేశాడు.

ఆనాటి నుంచి బ్యాండు గుర్తు గరిటె. డ్రమ్ముల పక్కన ఆవిడ గరిటె వేలాడుతుంది. దాని మీద ఒక్క దెబ్బ పడ్డాకే పాట మొదలవుతుంది.

ఇక పాల సంగతి. మూడు ఊళ్ల మాట దేవుడెరుగు, హాలు పక్క కాఫీ దుకాణంలో కూడా విరగలేదు. పైగా ఆ రోజు బాగా అమ్ముడుపోయాయి. గొప్పలు గాలికి పోనివ్వండి, ఈ కథలో నేను నిజంగా కల్పించింది ఒకటే: ఆ వేలాడే గరిటె ఆవిడది కాదు, బజార్లో కొన్నది.

తనది ఇవ్వమని కబురు పెడితే ఆవిడ ఒప్పుకోలేదు: కొత్త ఇల్లు రైలు పట్టాల పక్కనేనట, పుట్టిన నాటి నుంచి ఒక్క చప్పుడూ విని ఎరగని ఆ మహాతల్లి, బండి వచ్చినప్పుడల్లా గోడకు అరచెయ్యి ఆనించి తాళం వేస్తోందట.